నోటీస్ ఇవ్వకుండా వెళ్లిపోయిన అకౌంటెంట్: ఒక కేస్ స్టడీ

జీడిమెట్ల పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీకి నేను హెచ్‌ఆర్ చూస్తాను. మా పెట్టెలు ఎక్కువగా ఫార్మా కంపెనీలకే వెళ్తాయి. నూట ఇరవై మంది దాకా పనిచేసే ఈ చోట అకౌంట్స్‌లో ఉండేది ఇద్దరే. ఒకరు సీనియర్ అకౌంటెంట్. ఇంకొకరు ఆయన కింద పని నేర్చుకుంటున్న అమ్మాయి.

2025 జూన్ 8, ఆదివారం రాత్రి పది దాటాక ఎండీ గారికీ నాకూ సీనియర్ నుంచి ఒకే వాట్సాప్ మెసేజ్ వచ్చింది. సొంత కారణాల వల్ల రేపటి నుంచి రాలేనని, దీన్నే రాజీనామాగా తీసుకోమని, ల్యాప్‌టాప్, బీరువా తాళాలు టేబుల్ సొరుగులో ఉన్నాయని. అంతే. మే నెల జీతం అంతకుముందు రోజే, ఏడో తారీఖున అకౌంట్లో పడింది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ప్రకారం ఆయన ఇవ్వాల్సిన నోటీస్ 60 రోజులు. ఆరేళ్ల నాలుగు నెలల సర్వీసు. ఇన్నేళ్లలో ఒక్క మెమో లేదు.

ఇలాంటి సందర్భంలో హెచ్‌ఆర్ మీద వెంటనే పడే ఒత్తిడి డబ్బు గురించీ, క్రమశిక్షణ గురించీ ఉంటుంది. ఆ రెంటి కంటే ముందు పని గురించి ఆలోచించాలని నా గట్టి నమ్మకం. ఈ కేసులో అదెలా నడిచిందో వివరంగా రాస్తున్నాను. మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

సోమవారం పొద్దున

నేను వెళ్లేసరికే ఎండీ గారు ఆయనకు వరసగా ఫోన్లు చేసి ఉన్నారు. ఫోన్ ఎత్తలేదు. ఎండీ గారు మూడు పనులు చేయమన్నారు: పోలీసు కంప్లయింట్ ఇవ్వాలి, లాయర్ నోటీస్ పంపాలి, కొత్త కంపెనీ ఏదో కనుక్కుని వాళ్లకు ఫోన్ చేసి ఉద్యోగం పోగొట్టాలి. "వదలొద్దమ్మా, ఇవాళ ఈయన్ని వదిలేస్తే రేపు అందరూ ఇదే చేస్తారు" అన్నారు. ఆయన కోపం నాకు అర్థమైంది. సొంత మనిషిలా చూసుకున్న అకౌంటెంట్ మెసేజ్ పెట్టి వెళ్లిపోతే ఎవరికైనా మండుతుంది.

పోలీసుల సంగతి ఒక్క మాటలో తేలిపోయింది. ఉద్యోగం మానేయడం నేరం కాదు, కాంట్రాక్టు ఉల్లంఘన. అది సివిల్ వ్యవహారం. ల్యాప్‌టాప్ టేబుల్ సొరుగులోనే ఉండగా దొంగతనమని కేసు పెడితే తప్పుడు కంప్లయింట్ ఇచ్చినవాళ్లం మనమవుతాం. కొత్త కంపెనీకి ఫోన్ చేయడం నేను ఒప్పుకోలేదు. ఒక మనిషి బతుకుతెరువు మీద దెబ్బకొట్టే పని హెచ్‌ఆర్ చేయకూడదు. చేసినా మన పని ఒక్క ఇంచు ముందుకు జరగదు. లాయర్ నోటీస్ మాత్రం పరిశీలించాల్సిన విషయమే, కానీ దానికి తొందరేమీ లేదు.

తొందర ఉన్నది వేరేచోట. తారీఖు తొమ్మిది. మే నెల అమ్మకాల రిటర్న్, జీఎస్‌టీఆర్-1, పదకొండున వేయాలి. అది వేయకపోతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు పెద్ద లెక్క కాదు. అసలు నష్టం కస్టమర్ల దగ్గర జరుగుతుంది. పద్నాలుగున తయారయ్యే వాళ్ల జీఎస్‌టీఆర్-2బీలో (కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ చూపే పట్టికలో) మా ఇన్‌వాయిస్‌లు కనిపించవు, ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకునే వీలు, వాళ్లకు రాదు. పెద్ద ఫార్మా కంపెనీల అకౌంట్స్ వాళ్లు ఇలాంటప్పుడు చేసే మొదటి పని మా పేమెంట్ ఆపడం. పదిహేనున పీఎఫ్, ఈఎస్‌ఐ. ఇరవైన నెల పన్ను కట్టే రిటర్న్, జీఎస్‌టీఆర్-3బీ. ఇవన్నీ చేసే మనిషి వెళ్లిపోయాడు.

వీటన్నిటికంటే ముందే ఇంకొకటి వచ్చి పడింది. గేటు దగ్గర సరుకు ఎక్కించిన లారీ ఆగి ఉంది. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయడానికి డిస్పాచ్ కుర్రాడు లాగిన్ అయితే ఓటీపీ అడుగుతోంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పోర్టల్‌లో అందరికీ ఓటీపీ తప్పనిసరి చేశారు. మాకున్నది ఒకటే లాగిన్, దానికి రిజిస్టరయిన మొబైల్ నంబరు అకౌంటెంట్ సొంతది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలకూడదు. రోజూ పొద్దున్నే ఆయన ఓటీపీ చెప్తే లారీ వెళ్లేది. ఇది కంపెనీకి ఇంత పెద్ద విషయమని ఆ సోమవారం దాకా ఎవరికీ తట్టలేదు.

ఇక డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. మాది ప్రైవేట్ లిమిటెడ్, కాబట్టి జీఎస్‌టీ రిటర్నుల మీద ఎండీ గారి డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) పడాలి. ఆ యూఎస్‌బీ టోకెన్ సొరుగులో దొరికింది. దాని పిన్ మాత్రం ఎండీ గారికే తెలియదు. జూనియర్ అమ్మాయి టెన్షన్‌లో తనకు తోచిన నంబర్లు కొట్టి చూడబోయింది. ఫోన్లో ఉన్న మా టాక్స్ కన్సల్టెంట్ గట్టిగా వద్దన్నారు. తప్పు పిన్ వరసగా కొన్నిసార్లు పడితే టోకెన్ లాక్ అవుతుంది, మళ్లీ కొత్త డీఎస్‌సీ తీసుకోవాల్సి రావచ్చు. పాన్, ఆధార్, వీడియో వెరిఫికేషన్‌తో అది త్వరగానే వస్తుంది కానీ, పదకొండుకు ఇంత దగ్గరగా ఆ రిస్క్ ఎందుకు? టోకెన్‌ను కవర్లో పెట్టి సీలు వేసి ఎండీ గారి చేతికిచ్చాం.

ఆయనకు పంపిన మెసేజ్

ఎండీ గారి ఫోన్లు ఆపించాను. ఆయన ఎదురుగానే కూర్చుని అకౌంటెంట్‌కు ఇలా మెసేజ్ పెట్టాను:

"నమస్తే అండీ. మీ రాజీనామా అందింది. తిరిగి రమ్మని అడగడానికి కాదు ఈ మెసేజ్. ఇవాళ లారీ బయటికి వెళ్లాలంటే మీ నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. డీఎస్‌సీ పిన్ ఎండీ సార్‌కు నేరుగా చెప్పండి. మీ పీఎఫ్, గ్రాట్యుటీ రూల్స్ ప్రకారం నేనే చూస్తాను, దాని గురించి మీరు కంగారు పడొద్దు. నోటీస్ విషయం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. వీలున్నప్పుడు నాకు ఫోన్ చేయండి, మాట్లాడేది నేను ఒక్కదాన్నే."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. రాజీనామా అందిందని రాతలో చెప్పడం వల్ల తర్వాత ఎవరూ 'చెప్పకుండా పారిపోయాడు' అని ఫైల్లో రాయలేరు. గ్రాట్యుటీ ప్రస్తావన బెదురు పోగొట్టడానికి. ఇలా వెళ్లిపోయేవాళ్లు ఫోన్ ఎత్తకపోవడానికి చాలాసార్లు కారణం తమ డబ్బు మొత్తం పోతుందన్న భయమే. ఆ భయం ఉన్నంతసేపూ మనకు ఓటీపీ రాదు.

భోజనాల వేళకు ఆయన ఫోన్ చేశారు. గొంతులో బెరుకు. ఓటీపీ చెప్పారు. పిన్ ఎండీ గారికి విడిగా చెప్పి, "సార్, వెంటనే మార్చుకోండి" అని కూడా అన్నారట. లారీ మధ్యాహ్నమే బయల్దేరింది. సాయంత్రం ఆయన మళ్లీ మాట్లాడి, మే నెల సేల్స్ రిజిస్టర్‌లో ఏ మూడు క్రెడిట్ నోట్లు ఇంకా ఎక్కలేదో జూనియర్‌కు చెప్పారు. జీఎస్‌టీఆర్-1 పదో తారీఖున పడింది.

ఈలోగా లాగిన్‌లన్నీ మార్చే పని పెట్టుకున్నాం. జీఎస్‌టీ పోర్టల్‌లో మొబైల్, ఈమెయిల్ మార్పు నాన్-కోర్ సవరణ కింద వస్తుంది, ఆఫీసర్ ఆమోదం కోసం ఆగక్కర్లేదు. ఈ-వే బిల్లులో డిస్పాచ్‌కు సొంత నంబరుతో సబ్-యూజర్ పెట్టాం. బ్యాంకుకు ఎండీ గారి సంతకంతో లెటర్ ఇచ్చి అకౌంటెంట్ మేకర్ ఐడీ (బ్యాంకులో పేమెంట్లు ఎంటర్ చేసే లాగిన్) తీయించాం. పీఎఫ్, ఈఎస్‌ఐ, ట్రేసెస్ (టీడీఎస్) పోర్టళ్లలో పాస్‌వర్డ్‌లు మార్చాం. ఇందులో ఆయన మీద అనుమానం ఏమీ లేదు. వెళ్లిపోయినవాళ్ల చేతిలో యాక్సెస్ ఉంచకపోవడం వాళ్లకు కూడా రక్షణే. రేపు ఏదైనా తేడా వస్తే ఆయన పేరు రాకూడదు కదా.

ఎందుకు వెళ్లారు

రెండు రోజుల తర్వాత వివరంగా మాట్లాడాను. కొత్త కంపెనీ గచ్చిబౌలి వైపు. జూన్ 16న చేరకపోతే ఆఫర్ వెనక ఉన్నవాళ్లకు వెళ్తుందని చెప్పారట. జీతం బాగా ఎక్కువ. ఇంతవరకూ అందరూ చెప్పే కథే.

"అయితే ఆ మాటే మాతో అని ఉండొచ్చు కదా? వారమైనా టైమ్ ఉండేది" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "పోయినేడు పర్చేజ్‌లో ఆయన అరవై రోజుల నోటీస్ పద్ధతిగా ఇచ్చారు మేడమ్. రెండు నెలల జీతం హోల్డ్‌లో పెట్టారు. ఆ హోల్డ్ ఎంట్రీ టాలీలో వేసింది నేనే."

ఈ కేసు మొత్తానికి అసలు విషయం నాకు ఇక్కడ దొరికింది. ఆ పర్చేజ్ ఉద్యోగి సంగతి నాకు బాగా గుర్తుంది. నోటీస్ ఇచ్చిన మర్నాడే ఈమెయిల్ తీసేశారు. మీటింగులకు పిలవలేదు. సెటిల్‌మెంట్‌లో కలిపి ఇస్తామని జీతం ఆపారు. రెండు నెలలు ఇంటి అద్దె, ఈఎంఐ ఎలా కట్టాడో ఎవరూ అడగలేదు. పద్ధతిగా వెళ్లినవాడికి జరిగింది ఇది. దాన్ని దగ్గరుండి చూసినవాడు, సొంత చేత్తో ఎంట్రీ వేసినవాడు, తన వంతు వచ్చినప్పుడు జీతం పడేదాకా ఆగి మర్నాడు మెసేజ్ పెట్టాడు. ఆయన చేసింది సరైనదని నేను అనడం లేదు. లారీ గేటు దగ్గర ఆగింది, ఒక చిన్న అమ్మాయి మూడు రోజులు నిద్రలేకుండా పనిచేసింది. అది తప్పే, ఆయనకూ అదే చెప్పాను. కానీ నోటీస్ ఇచ్చినవాళ్లను శిక్షిస్తున్నంతకాలం నోటీస్ ఇవ్వనివాళ్లు పెరుగుతూనే ఉంటారు. ఎన్ని లాయర్ నోటీసులు పంపినా ఇది మారదు.

ఇంకొకటి. ఆయన స్థానంలో మనిషి కోసం రిక్రూటర్ రాసిచ్చిన ప్రకటనలో 'ఇమీడియట్ జాయినర్స్‌కు ప్రాధాన్యం' అని ఉంది. మన దగ్గర 60 రోజులు ఉండాలి, పక్క కంపెనీ వాడు మాత్రం రేపే రావాలి. ఆ లైన్ తీసేయించాను. '30 రోజుల వరకూ ఆగుతాం' అని పెట్టాం. మేము ఎంచుకున్న వ్యక్తి తన పాత కంపెనీలో నోటీస్ పూర్తిచేసుకునే వచ్చారు.

డబ్బు లెక్క

ఇప్పుడు లాయర్ నోటీస్ దగ్గరికి వస్తాను. ఎండీ గారికి అప్పటికే ఎవరో వాట్సాప్‌లో ఒక తీర్పు గురించి పంపారు. 2025 మే 14న విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండ్ చెల్లుతుందని చెప్పింది. "చూడమ్మా, సుప్రీంకోర్టే చెప్పింది" అన్నారు ఎండీ గారు. తీర్పు నిజమే, కానీ దాని సందర్భం చూడాలి. అది ప్రభుత్వరంగ బ్యాంకు. ఒక్క ఖాళీ ఏర్పడినా మళ్లీ ప్రకటన, పోటీ ప్రక్రియ అంతా నడపాలి, ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. మాకు బాండ్ లేదు, ఉన్నది నోటీస్ క్లాజ్ ఒక్కటే.

నోటీస్ క్లాజ్‌కు చట్టంలో ఉన్న బలం ఎంతో స్పష్టంగా తెలుసుకోవాలి. మనిషిని బలవంతంగా పనిలో కూర్చోబెట్టమని ఏ కోర్టూ చెప్పదు, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 14 దానికి అడ్డు. మిగిలేది డబ్బే. 1872 కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 73 వాస్తవంగా జరిగిన నష్టం గురించి చెప్తుంది. సెక్షన్ 74 ప్రకారం ముందే రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దాని లోపల సమంజసమైనంత పరిహారమే దక్కుతుంది. అంటే మన కాగితంలో ఎంత రాసుకున్నా కోర్టు అడిగే మొదటి ప్రశ్న "మీకు ఏం నష్టం జరిగింది?" అనేదే. మా రిటర్న్ గడువు లోపే పడింది. లారీ అదే రోజు వెళ్లింది.

జూనియర్ తయారుచేసిన మొదటి సెటిల్‌మెంట్ షీట్‌లో నోటీస్ రికవరీ 1,30,000 రూపాయలని ఉంది. నెల గ్రాస్ (అలవెన్సులతో సహా) 65,000, రెండు నెలలకు అంత. అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదివితే క్లాజ్‌లో ఉన్నది '60 రోజుల నోటీస్ లేదా అందుకు సమానమైన బేసిక్ జీతం'. బేసిక్ 28,000. అంటే అడగగలిగేది మహా అయితే 56,000. ఎఫ్ అండ్ ఎఫ్ (వెళ్లిపోయేవాళ్ల చివరి సెటిల్‌మెంట్) వేసేముందు ఆ ఉద్యోగి చేతిలో ఉన్న అసలు ఆర్డర్ కాపీ ముందు పెట్టుకోవాలి. కంపెనీ పాలసీ ఫైల్లో తర్వాత గ్రాస్ అని మార్చినా, ఆయన సంతకం పెట్టింది బేసిక్ మీద.

ఇవ్వాల్సినవి: జూన్ 8 వరకూ జీతం 17,333. మిగిలిన 22 రోజుల ఎర్న్‌డ్ లీవ్‌కు, మా పద్ధతిలో బేసిక్‌ను 26తో భాగించి, 23,692. రెండూ కలిపి 41,025. టీడీఎస్, పీఎఫ్ కోతలు పక్కన పెడుతున్నాను. 56,000 పూర్తిగా కోస్తే ఆయనే మాకు 14,975 కట్టాలి. దీనికోసం సివిల్ కోర్టుకు వెళ్లడం అనవసరమని ఎండీ గారు కూడా ఒప్పుకున్నారు. కానీ ఆయన చూపు గ్రాట్యుటీ మీద పడింది.

ఆరేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ 28,000ను 15తో గుణించి, 26తో భాగించి, ఆరుతో గుణిస్తే 96,923. ఇందులోంచి నోటీస్ డబ్బు పట్టుకుందామన్నారు. చాలా కంపెనీలు చేసే పని ఇదే, చేయకూడని పనీ ఇదే. అప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం సెక్షన్ 4(6) ప్రకారం గ్రాట్యుటీ ఆపాలంటే ఆస్తినష్టం, హింసాత్మక ప్రవర్తన, నైతిక పతనంతో కూడిన నేరం లాంటి కారణంతో ఉద్యోగం నుంచి తొలగించి ఉండాలి. నోటీస్ ఇవ్వకపోవడం ఇందులో లేదు. 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. పీఎఫ్ కూడా అంతే, దాని మీద మనకు ఏ హక్కూ లేదు. ఎగ్జిట్ డేట్ వేయకుండా సతాయించినా లాభం లేదు, చివరి కంట్రిబ్యూషన్ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగి పోర్టల్‌లో తానే వేసుకోగలడు. మేము జూన్ 8 తేదీతో మేమే వేశాం. గ్రాట్యుటీ పూర్తిగా, గడువులోనే ఇచ్చాం.

నోటీస్ డబ్బు విషయంలో నేను ఎండీ గారి ముందు పెట్టిన ప్రతిపాదన ఇది: రోజులు లెక్కపెట్టొద్దు, మిగిలిన హ్యాండోవర్ లెక్కపెడదాం. అకౌంట్స్ నుంచి మనకు ఇంకా ఏం కావాలో రాద్దాం. ఆయన అది ఇస్తే సగం వదిలేద్దాం. జూనియర్‌నూ టాక్స్ కన్సల్టెంట్‌నూ కూర్చోబెట్టి జాబితా రాయించాను. బాకీలున్న పార్టీలతో నోటిమాటగా ఒప్పుకున్న డిస్కౌంట్లు. జీఎస్‌టీఆర్-2బీతో కలవని సప్లయర్ బిల్లులు, ఒక్కొక్కరి దగ్గర ఎవరితో మాట్లాడాలో. పాత సంవత్సరం టీడీఎస్ డిమాండ్ ఒకటి, దాని జవాబు ఎక్కడిదాకా వచ్చిందో. బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్‌లో పేపర్ రీళ్ల విలువ ఏ పద్ధతిలో కడతారో. ఈ చివరిది టాలీలో ఎక్కడా లేదు, ఆయన ఎక్సెల్‌లోనూ బుర్రలోనూ మాత్రమే ఉంది.

ఆయన శని, ఆదివారాల్లో వచ్చి కూర్చున్నారు. మొదటిరోజు ఎండీ గారు ఎదురుపడితే ఎలా ఉంటుందోనని నాకూ టెన్షన్‌గానే ఉంది. ఎండీ గారు వచ్చి, "టిఫిన్ చేశారా" అని అడిగి తన గదిలోకి వెళ్లిపోయారు. జాబితాలోని ప్రతి అంశం దగ్గర జూనియర్ అమ్మాయి తనకు అర్థమైందని సంతకం పెట్టాకే అది పూర్తయినట్టు లెక్క. ఇచ్చేవాళ్ల సంతకం ఉన్న హ్యాండోవర్ నోట్లు చాలాచోట్ల చూశాను. తీసుకునేవాళ్ల సంతకం ఉన్నవే పనికొస్తాయి.

చివరికి 30 రోజుల బేసిక్, 28,000 కోసుకుని, మిగతా 30 రోజులు హ్యాండోవర్‌కు ప్రతిగా మాఫీ చేసినట్టు ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. కోతకు తన సమ్మతి ఉందని ఆయన సంతకం చేశారు. 13,025 ఖాతాలో వేశాం. నోటీస్ రికవరీ మీద 18 శాతం జీఎస్‌టీ కట్టాలా అని జూనియర్ అడిగింది. అక్కర్లేదు, 2022 ఆగస్టు 3న పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్ ఆ సందేహం తీర్చేసింది.

కాగితాలు

సర్వీస్ సర్టిఫికెట్‌నూ రిలీవింగ్ లెటర్‌నూ నేను ఒకే గాటన కట్టను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ ఫలానా హోదాలో పనిచేశారన్నది వాస్తవం. అది ఆపే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం, అందుకే మొదటి వారమే ఇచ్చాం. బాధ్యతలు అప్పగించి వెళ్లారని చెప్పే రిలీవింగ్ లెటర్ అప్పగించాకే ఇచ్చాం. తర్వాత ఆయన కొత్త కంపెనీ తరఫున వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. నోటీస్ పూర్తిచేశారా అన్న ప్రశ్నకు 'లేదు, మిగిలిన కాలం పరస్పర అంగీకారంతో సెటిల్ అయింది' అని రాశాం. అబద్ధం లేదు, కక్షా లేదు.

ఆ వాట్సాప్ మెసేజ్ కూడా రాకుండా మనిషి మాయమై ఉంటే దారి వేరుగా ఉండేది. అప్పుడు ఫైల్లో ఉన్న చిరునామాకు, ఈమెయిల్‌కు, ఫోన్‌కు వరసగా లెటర్లు పంపాలి. పనికి రమ్మని, రాలేకపోతే కారణం చెప్పమని అడగాలి. రిజిస్టర్డ్ పోస్ట్‌ను 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు కాబట్టి ఇప్పుడు డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్ట్ చేయాలి. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం పోయినట్టే అని స్టాండింగ్ ఆర్డర్స్‌లో (కంపెనీ సర్వీసు నిబంధనల్లో) ఉన్నా సరే, వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పేరు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో చెప్పింది. ఇంకొక మాట: మనిషి కనబడకపోతే ముందు అతను క్షేమమో కాదో కనుక్కోవాలి. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు షోకాజ్ పంపిన కంపెనీల గురించి విన్నాను.

నేను గట్టిగా వెళ్లే కేసులూ ఉన్నాయి. కస్టమర్ల రేట్ల జాబితా పట్టుకెళ్లినా, డేటా చెరిపేసినా, ఓటీపీ కోసం డబ్బు బేరం పెట్టినా లాయర్ నోటీస్ అదే రోజు వెళ్తుంది. అక్కడ జరిగే నష్టం చూపించగలం, అడిగే హక్కు నిస్సందేహంగా ఉంది.

ఇప్పుడైతే

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు, అమల్లోకి వచ్చాయి. ఇదే కేసు ఇవాళ వస్తే కొన్ని లెక్కలు మారతాయి. వేతనాల కోడ్ సెక్షన్ 17 ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు కూడా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. 'ఎఫ్ అండ్ ఎఫ్ 45 రోజుల్లో' అని పాలసీలో ఉన్న కంపెనీలు ఆ లైన్ మార్చుకోవాలి. పాత పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టం నెలకు 24,000 లోపు జీతాలకే వర్తించేది. కోడ్‌లో ఆ పరిమితి లేదు, 65,000 జీతగాడూ దాని కిందకు వస్తాడు. సెక్షన్ 18లో అనుమతించిన కోతల జాబితాలో నోటీస్ పే అన్న పేరుతో ఏదీ లేదు. మొత్తం కోతలు వేతనంలో సగం దాటకూడదు. కాబట్టి జీతంలోంచి ఏకపక్షంగా కోసేసే పద్ధతిని నేను ఎవరికీ సిఫార్సు చేయను. వేతనం సమయానికి ఇచ్చేసి, నోటీస్ డబ్బుకు విడిగా ఒప్పందం రాసుకోవడం సురక్షితం. వేతనం నిర్వచనం మారడంతో, అలవెన్సులు సగం దాటిన మా జీతాల్లాంటి వాటికి గ్రాట్యుటీ 28,000 మీద కాకుండా దాదాపు 32,500 (గ్రాస్‌లో సగం) మీద కట్టాల్సి వస్తుంది.

మా దగ్గర మార్చినవి మూడు. నోటీస్‌లో ఉన్నవాళ్ల జీతం మామూలు తారీఖునే పడుతుంది, హోల్డ్ అన్నది లేదు. ప్రతి పోర్టల్‌కూ కంపెనీ సిమ్ నంబరు, ఇద్దరికి యాక్సెస్. ఆఫీసు ఉద్యోగాలకు నోటీస్ 60 నుంచి 30 రోజులకు తగ్గించాం. మూడోదానికి ఎండీ గారు ఊరికే ఒప్పుకోలేదు. అరవై రోజులున్నా వచ్చింది ఒక రాత్రి మెసేజే కదా అన్నాక తగ్గారు.

ఫ్యాక్టరీ మేనేజర్‌కు మాత్రం 90 రోజులు ఉండాలని ఆయన పట్టు. అందులో కొంత న్యాయం ఉంది. ఆ పోస్టులో మనిషి మారితే ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాలి, కొత్త మనిషి మెషీన్ల మీద చేయి తిరగడానికి టైమ్ పడుతుంది. 45 రోజులు, దానితోపాటు రాసిపెట్టిన హ్యాండోవర్ జాబితా చాలని నేను అంటున్నాను. ఆ జాబితా తయారుచేయమని ఇప్పుడున్న మేనేజర్‌నే అడిగాం. అది చేతికొచ్చాక రోజుల సంగతి తేలుస్తాం.